ఏదీ, ఆ ఫొటో చూపించు!

తొమ్మిదో తరగతి అమ్మాయి ఇంటర్వెల్‌లో క్లాస్ టీచర్ దగ్గరికి వెళ్లి, తన ముఖం అతికించిన నగ్నచిత్రం ఒకటి తరగతి కుర్రాళ్ల గ్రూపులో తిరుగుతోందని ఏడుస్తూ చెబుతుంది. టీచరు నోట వచ్చే మొదటి మాట ఏమిటో ఈ నగరంలో బడి నడిపేవాళ్లెవరినడిగినా చెబుతారు: 'ఏదీ, చూపించు.' బడికి ఫోను తేకూడదన్న నిబంధన ఉన్నా ఎవరి సంచిలోనో ఒకటి దొరుకుతుంది. టీచరు చూస్తారు. అమ్మాయిని వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్తారు. అక్కడ ప్రిన్సిపాల్, వైస్ ప్రిన్సిపాల్, ఫీజుల లెక్కలు చూసే ఏఓ ఒకరి తర్వాత ఒకరు కళ్లజోడు సవరించుకుని చూస్తారు. కరస్పాండెంట్ ఊళ్లో ఉండరు. ఆయనకు వాట్సాప్‌లో పంపుతారు. సాయంత్రం తండ్రి వస్తే ఆయన చేతికీ ఫోను అందించి, 'మీ అమ్మాయేనా?' అని అడుగుతారు. అమ్మాయి ఆ గదిలోనే, మూలన నిలబడి ఉంటుంది.

ఇది ఫలానా బడిలో జరిగిందని మేము చెప్పడం లేదు. రేపు ఇలాంటి ఫిర్యాదు వస్తే హైదరాబాద్‌లోని చాలా బడుల్లో జరగబోయేది ఇదేనంటున్నాం. ఎందుకంటే ఇంకోలా చేయాలని ఏ కాగితం మీదా రాసి లేదు. ఆ చిత్రాన్ని ముందు చూసింది కుర్రాళ్లు. ఆ తర్వాత ఆరుగురికి చూపించింది బడే.

చట్టం ఈ విషయంలో బడుల కంటే ముందుంది. బాలలపై లైంగిక నేరాల నిరోధానికి 2012లో వచ్చిన పోక్సో చట్టానికి 2019లో చేసిన సవరణ, కంప్యూటర్ సృష్టించిన చిత్రాన్నీ, బాలల చిత్రంగా కనబడేలా మార్చిన చిత్రాన్నీ 'చైల్డ్ పోర్నోగ్రఫీ' (పిల్లల అశ్లీల చిత్రాలు) నిర్వచనంలో చేర్చింది. 'అది నిజమైన ఫొటో కాదు కదా, వదిలేయండి' అని సర్దిచెప్పేందుకు ఆ రోజే దారి మూసుకుపోయింది. 15వ సెక్షన్ ప్రకారం ఇలాంటి చిత్రాన్ని అధికారులకు ఫిర్యాదు చేయడానికో, కోర్టులో సాక్ష్యంగా చూపడానికో తప్ప ఎవరికీ పంపడానికి వీల్లేదు. ఊళ్లో లేని కరస్పాండెంటుకు వాట్సాప్ చేయడం ఈ మినహాయింపు కిందికి ఎలా వస్తుందో ఏఓ గారు చెప్పాలి. నేరం జరిగిందని తెలిసి పోలీసులకు చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. సంగతి తెలిసీ చెప్పని పిల్లలకు మాత్రం ఆ శిక్ష వర్తించదు. తోటి విద్యార్థులు భయపడకుండా నోరు విప్పడానికి పనికొచ్చే ఈ ఒక్క మాట ప్రార్థన సమావేశంలో చెప్పిన బడి ఎక్కడైనా ఉంటే సంతోషిస్తాం. ఈ చిత్రాల్ని 'పోర్నోగ్రఫీ' అనడమే తప్పని, అవి పిల్లల లైంగిక దోపిడీకి, వేధింపునకు ఆనవాళ్లని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23 నాటి తీర్పులో తేల్చిచెప్పింది.

ఒకప్పుడు మార్ఫింగ్‌కు కొంత పనితనం కావాలి. కంప్యూటర్, ఫొటోషాప్, గంటల ఓపిక ఉంటే తప్ప కుదిరేది కాదు. ఇప్పుడు కావలసింది ఒక ముఖం, ఒక యాప్. చేసేవాడికి బొమ్మ గీయడం రానక్కర్లేదు, పగ కూడా ఉండనక్కర్లేదు. పక్కవాణ్ని నవ్వించాలన్న సరదా చాలు. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న డీప్‌ఫేక్ వీడియో దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆ కేసులో నిందితుణ్ని పట్టుకున్నది గుంటూరులో. ఇంజినీరింగ్ చదివిన 24 ఏళ్ల యువకుడు, తాను నడిపే ఆమె అభిమాన పేజీకి ఫాలోవర్లను పెంచుకోవడానికే ఆ పని చేశాడని పోలీసులు చెప్పారు. అప్పట్లో ఆ నటి అన్న మాట ఒకటి బడుల వాళ్లు మరచిపోకూడనిది: తాను స్కూల్లోనో కాలేజీలోనో ఉన్నప్పుడు ఇలా జరిగి ఉంటే ఎలా ఎదుర్కొనేదాన్నో ఊహించలేనని. ఆమెకు అండగా కుటుంబం, స్నేహితులు, అభిమానులు ఉన్నారు. తొమ్మిదో తరగతి అమ్మాయికి ఉన్నది క్లాస్ టీచరు.

స్పెయిన్‌లో అల్మెండ్రలెహో అనే చిన్న ఊరిలో 2023 సెప్టెంబరులో బడులు తెరిచిన కొద్ది రోజులకే ఇరవై మందికి పైగా బాలికల నగ్నచిత్రాలు ఫోన్లలో ప్రత్యక్షమయ్యాయి. వాళ్లు సామాజిక మాధ్యమాల్లో పెట్టుకున్న మామూలు ఫొటోలే వాటికి ముడిసరుకు. ఊరికి తీరని గాయమైంది. మరుసటి ఏడాది అక్కడి బాలల న్యాయస్థానం పదిహేను మంది మైనర్లను ఏడాది పాటు పర్యవేక్షణలో ఉంచాలని, స్త్రీ పురుష సమానత్వం గురించి, సాంకేతికతను బాధ్యతగా వాడటం గురించి పాఠాలు చెప్పించాలని తీర్పునిచ్చింది. దక్షిణ కొరియా 2024లో ఇలాంటి చిత్రాలు బడుల పేర్లతో సహా తిరగడంతో అట్టుడికి, వాటిని కొన్నా, దాచుకున్నా, చూసినా శిక్ష వేసేలా చట్టం మార్చుకుంది.

ముడిసరుకు మాట వచ్చింది కాబట్టి మన సంగతి చూద్దాం. పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా ఏ కూడలిలో నిలబడినా పిల్లల ముఖాలే. ఫ్లెక్సీ మీద పేరు, హాల్ టికెట్ నంబరు, మార్కులు, వాటి పక్కన పాస్‌పోర్టు సైజు ఫొటోను మనిషెత్తు పెంచిన ముఖం. బడి బస్సు వెనకా అవే ముఖాలు. దసరా సెలవులకు ముందు బడి ఆవరణలో బతుకమ్మ ఆడిస్తారు; లంగావోణీల్లో వలయంగా తిరుగుతున్న ఆడపిల్లల్ని దగ్గర నుంచి తీసిన రీలు సాయంత్రానికల్లా బడి పేజీలో ఉంటుంది, కింద 'అడ్మిషన్లు జరుగుచున్నవి' అన్న వాక్యంతో. వార్షికోత్సవం ఫొటోలైతే మరీ ఘోరం. ఫొటోగ్రాఫరు తీసిన వెయ్యికి పైగా ఫొటోలు, ఏ చిన్న గీతా చెదరనంత స్పష్టంగా, ఒక్క లింకులో పెట్టి తల్లిదండ్రుల గ్రూపులన్నింటికీ వదులుతారు. ఆ లింకు ఎవరి దగ్గరికి చేరిందో ఎవరూ అడగరు. ఏడాది తర్వాతా అది తెరుచుకుంటూనే ఉంటుంది.

నగరంలో పిల్లల ముఖాలను అందరికంటే ఎక్కువగా ప్రచురిస్తున్నది వాళ్ల బడులే. (మా పత్రికలూ ర్యాంకర్ల ప్రకటనలు వేసుకుంటాయి. ఆ నింద మాకూ తగులుతుంది.) అయినా ఆ బడులే పోలీసు అధికారిని పిలిచి అవగాహన సదస్సు పెట్టి, 'అమ్మాయిలూ, డీపీలు తీసేయండి, ఇన్‌స్టాలో ఫొటోలు పెట్టకండి' అని ఉపదేశిస్తాయి. ఇంట్లో దొంగతనం జరిగితే గొళ్లెం ఎందుకు వేయలేదని పిల్లను కొట్టి, పెరటి తలుపు బార్లా తెరిచి ఉంచిన పెద్దవాళ్ల తీరిది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారి సమాచారాన్ని వాడుకోవడానికి తల్లిదండ్రుల నిర్ధారిత అంగీకారం కావాలంటోంది. పిల్లల ముఖాలతో అడ్మిషన్లు పెంచుకునే బడి ఆ అంగీకారం ఎప్పుడు తీసుకుంది?

కాబట్టి బడికొక విధానం కావాలని మేమంటున్నప్పుడు, పిల్లలు ఏం చేయకూడదో చెప్పే ఇంకో చాంతాడంత జాబితా మా ఉద్దేశం కాదు. పెద్దవాళ్లు మొదటి గంటలో ఏం చేయాలో రాసిన ఒక్క పేజీ చాలు. చిత్రాన్ని ఎవరూ అడిగి చూడకూడదన్నది అందులో మొదటి వాక్యం కావాలి. అమ్మాయి మాట నమ్మడానికి ఆమె చెప్పడమే సరిపోతుంది. అది నిజమో అబద్ధమో తేల్చే పని పోలీసులది. ఏ ఖాతా నుంచి వచ్చింది, ఏ గ్రూపులో, ఎన్ని గంటలకు, లింకు ఏమిటన్నవి మాత్రం రాసుకోవాలి. కంగారులో 'ముందు అందరూ డిలీట్ చేయండి' అని మైకులో చెబితే సాక్ష్యం పోతుంది, చిత్రం మిగులుతుంది. పిల్లలు ఎవరి దగ్గరికి వెళ్లాలో ఒక టీచరు పేరు, ఆమె లేనప్పుడు ఇంకొకరి పేరు ప్రతి తరగతి గోడ మీదా ఉండాలి. ఆ పేరు పిల్లలే ఎంచుకుంటే మరీ మంచిది. ఎవరి దగ్గర గుండె విప్పవచ్చో మేనేజ్‌మెంట్ కంటే వాళ్లకే బాగా తెలుసు.

డబ్బు పోతే 1930కి ఫోన్ చేయాలని ఇవాళ ఇంటిల్లిపాదికీ తెలుసు. పరువు తీసే బొమ్మ వస్తే ఎవరికి చెప్పాలో తెలిసినవాళ్లు తక్కువ. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో మహిళలు, పిల్లల కోసం ఉన్న విభాగంలో పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయవచ్చు. బాలల సహాయానికి 1098 ఉంది. నగరంలో ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాలు షీ టీమ్స్ 2014 నుంచి, బాధితులైన మహిళలకు, పిల్లలకు అండగా నిలిచే భరోసా కేంద్రం 2016 నుంచి పనిచేస్తున్నాయి. పిల్లల వాంగ్మూలం ఎలా తీసుకోవాలో తెలిసినవాళ్లు అక్కడున్నారు. 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ పద్దెనిమిదేళ్లలోపు వారి కోసమే ఉంది. చిత్రం ఫోను దాటి బయటకు పోకుండానే దానికి అంకెలతో ఒక గుర్తు తయారవుతుంది, ఒప్పుకున్న మాధ్యమ సంస్థలు ఆ గుర్తును పట్టి చిత్రాన్ని తొలగిస్తాయి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేదాన్ని ఇది ఆపలేదన్నదీ చెప్పాలి. 2021 నాటి ఐటీ నిబంధనలు, మార్ఫింగ్ చేసిన నగ్నచిత్రంపై బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తీసేయాలని ఆ సంస్థలకు గడువు పెట్టాయి; 2026లో దాన్ని రెండు గంటలకు కుదించారు. వాళ్లకే ఇంత తక్కువ గడువుంటే, మన బడులు కరస్పాండెంట్ ఊరి నుంచి వచ్చేదాకా ఆగుదామంటాయి.

ఇక చేసినవాడి సంగతి. వాడూ మన పిల్లవాడే, చాలాసార్లు అదే బెంచీ వెనక కూర్చునేవాడే. ఇక్కడ బడులకు అలవాటైన మందు టీసీ. కుర్రాడికి టీసీ ఇచ్చి పంపేస్తే వాడు ఇంకో బడిలో, ఇంకో గ్రూపులో చేరతాడు. అంతకన్నా అన్యాయం ఇంకొకటుంది: 'మీ అమ్మాయికే మంచిది' అని బాధితురాలి చేతిలో టీసీ పెట్టడం. ఈ రెండో పనికి పూనుకున్న బడి గుర్తింపును విద్యాశాఖ ప్రశ్నించాలి. కుర్రాడి విషయంలో పోలీసులకు చెప్పడం తప్పదు. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి రాజీ చేసే అధికారం బడికి లేదు. బాలల న్యాయ చట్టం వాడి పేరునూ కాపాడుతుంది, దిద్దుకునే అవకాశమూ ఇస్తుంది. ఆ దారిలో నడిపించడానికి బడిలో కౌన్సెలర్ కావాలి. జీతమిచ్చి పెట్టుకోవాలి కాబట్టి ఆ పోస్టు చాలాచోట్ల బ్రోషరులోనే ఉంటుంది.

అబ్బాయిలకూ ఇది జరుగుతుంది, టీచర్లకూ జరుగుతుంది. నగ్నత్వం లేకుండా రంగును, లావును, కులాన్ని వెక్కిరిస్తూ తయారుచేసే బొమ్మలు పోక్సో పరిధిలోకి రావు. అలాంటి వాటిని చూసుకోవలసిన బాధ్యత పూర్తిగా బడిదే.

ప్రభుత్వం కొత్తగా కనిపెట్టవలసింది పెద్దగా లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది. ఫిర్యాదు అందినా కదలని సంస్థ అధిపతి ఆ నేరానికి తోడ్పడినట్టేనని అందులో రాశారు. కాలేజీలు మారడానికి ఆ ఒక్క వాక్యమూ కొంత కారణం. సీబీఎస్ఈ 2015లోనే ప్రతి బడిలో వేధింపుల నిరోధక కమిటీ ఉండాలంది. 2024 సెప్టెంబరులో ఇదే నగరంలో కృత్రిమ మేధ మీద అంతర్జాతీయ సదస్సు జరిగింది. అదే మేధ సాయంతో ప్రాథమిక బడుల్లో చదువు, లెక్కలు నేర్పిస్తున్నాం. దాని ఫలాలకు ఇంత చొరవ చూపినవాళ్లు, అది చేతికిచ్చిన కత్తి నుంచి పిల్లల్ని కాపాడే ఒక్క పేజీ ఉత్తర్వు ఇవ్వలేరా? దాన్ని రాష్ట్ర బోర్డు, కేంద్ర బోర్డు, గురుకులం అన్న తేడా లేకుండా అన్ని బడులకూ వర్తింపజేయాలి.

జూన్‌లో బడులు తెరిచేటప్పుడు తల్లిదండ్రులు అడ్మిషన్ ఫారం నింపుతారు. రెండో భాష ఏది, బస్సు ఏ రూటు, ఏ మందు పడదు, యూనిఫాం కొలత ఎంత, అన్నింటికీ గళ్లుంటాయి. 'మీ పిల్లల ఫొటో మా ప్రచారానికి వాడుకోవచ్చా?' అన్న గడి ఈసారైనా ఉండాలి. వద్దు అని టిక్కు పెట్టిన అమ్మను ఆఫీసు గుమాస్తా, 'అందరూ ఒప్పుకున్నారు కదమ్మా, మీకేమైంది?' అని అడగకూడదు.