అమ్మకు చెప్పమంటాం సరే, అమ్మ ఎక్కడ?

లైంగిక వేధింపుల నుంచి కాపాడుకోవడానికి బడి పిల్లలకు మనం నేర్పే పాఠం మూడు ముక్కలు: వద్దను, పారిపో, అమ్మకు చెప్పు. సికింద్రాబాద్ స్టేషన్లోనో విజయవాడ స్టేషన్లోనో ఖాళీ సీసాలు ఏరుకునే పన్నెండేళ్ల పిల్లాడికి ఈ పాఠం ఎలా వినిపిస్తుంది? వద్దంటే రాత్రి పడుకునే చోటు పోతుంది. వాడు ఇంట్లోంచి పారిపోయే ఇక్కడికొచ్చాడు. చెయ్యేసిన మనిషి చాలాసార్లు వాడికి అన్నం పెట్టి, వేరేవాళ్లు కొట్టకుండా కాచే 'అన్నే'.

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల అధ్యయనాన్ని వెలువరించింది. మాట్లాడిన 12,447 మంది పిల్లల్లో 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నారు. వాళ్లలో మగపిల్లలే కాస్త ఎక్కువ. తీవ్రమైన దాడులు వీధుల్లో బతికేవాళ్ల మీద, పనిలో ఉన్నవాళ్ల మీద, సంస్థల్లో పెరిగేవాళ్ల మీద ఎక్కువగా జరిగాయి. వేధింపులు అధికంగా బయటపడిన రాష్ట్రాల్లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. విచిత్రంగా అదే ఏడాది మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు బడుల్లో లైంగిక విషయాలు కూడా చెప్పే కౌమార విద్యను ఆపేశాయి. లైంగిక విద్య తొమ్మిదో తరగతి దాకా ఆగకుండా ఇంకా చిన్న వయసులోనే మొదలవ్వాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు అంది. మంచి మాట. కానీ అప్పుడైనా ఇప్పుడైనా మన వాదనంతా తరగతి గది చుట్టూనే. ఏ తరగతిలోనూ లేనివాడి ఊసు అందులో రాదు.

మన భాష కూడా వాడికి అడ్డమే. లైంగిక సంపర్కంతో సోకే జబ్బులకు తెలుగులో ఏళ్లుగా స్థిరపడిన పేరు 'సుఖవ్యాధులు'. బలవంతానికి గురై పుండు పడిన పిల్లాడికి ఆ మాట ఎలా తగులుతుంది? తానేదో సుఖపడ్డాడని, తప్పు తనదేనని. వాడి నోట వచ్చే మాట 'ఉచ్చ పోస్తే మంట'. పాఠం అక్కణ్నుంచే మొదలవ్వాలి: అది పాపఫలం కాదు, జబ్బు, మందుంది, సర్కారు ఆసుపత్రిలో డబ్బు అడగరు. దాడి జరిగిన 72 గంటల్లోపు వెళితే హెచ్ఐవీ సోకకుండా మందులిస్తారని, ఎంత తొందరగా వెళితే అంత మంచిదని కూడా చెప్పాలి. పోలీసు కాగితం తెమ్మని డాక్టరు పట్టుబట్టకూడదని పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) 2020 నిబంధనల్లో ఉంది. చట్టంలో 'బాలలు' అంటే మగపిల్లలు కూడా. ఇవి వాడికి ఎవరూ చెప్పలేదు.

చట్టంతో ఒక చిక్కు కూడా ఉంది. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం నేరం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. వీధి పిల్లల మధ్య పనిచేసే కార్యకర్తను నమ్మి ఒకడు నోరు విప్పాడనుకోండి, ఆ వెంటనే పోలీసులు, ఆపై హోమ్. అది చూసిన మిగతావాళ్లు ఇక నోరు విప్పుతారా? నేను ఆ సెక్షన్ తీసేయమనడం లేదు. 'నువ్వు ఈ మాట చెబితే నేను పోలీసులకు చెప్పాల్సి వస్తుంది, అయినా నీ పక్కనే ఉంటా' అని పిల్లాడికి ముందే చెప్పాలి. తర్వాత తెలిస్తే అది వాడికి ఇంకో ద్రోహం.

పదహారు, పదిహేడేళ్ల 'అన్నల'ను మాత్రం అందరూ వదిలేస్తున్నారు. వాళ్లలో చాలామంది ఒకప్పుడు ఆ పన్నెండేళ్లవాళ్లే. తమ మీద జరిగిందే చిన్నవాళ్ల మీద చేస్తున్నామని వాళ్లతో కూర్చుని మాట్లాడేవాళ్లు కావాలి. నా దృష్టిలో అన్నిటికన్నా కష్టమైన, అన్నిటికన్నా అవసరమైన పాఠం ఇదే.

తెలంగాణలో ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో బృందాలు ఇలాంటి పిల్లల్ని వెతికి తెస్తాయి. చాలామందిని తిరిగి ఇళ్లకే పంపుతారు. పంపేలోపు ఒక పూట, పోలీసు యూనిఫాం లేని గదిలో, వాళ్ల మాటల్లోనే మాట్లాడగల నర్సును కూర్చోబెట్టాలి. ఆ ఇంట్లోంచి ఎందుకు పారిపోయాడో కూడా ఆ పూటే బయటపడవచ్చు.