తంగేడు బెరడు, అడవి గులాబీ

డాలస్‌లోని మన తెలుగు సంఘంలో మహిళా దినోత్సవం అనగానే ఏర్పాట్లు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. పట్టుచీరల ప్రదర్శన, వంటల పోటీ, ఒక డాక్టరు గారి ప్రసంగం, చివర్లో పాటలు. వాటిని తీసేయమని నేను అనడం లేదు. ఆ ఖర్చులో కొంత భాగం ఈసారి మరో పనికి కేటాయించమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. టెక్సస్‌లోనూ, పక్క రాష్ట్రాల్లోనూ వారాంతాల్లో మహిళల కోసం వెస్టర్న్ కళల శిక్షణ శిబిరాలు జరుగుతాయి. జీనులకు తోలు చెక్కడం, పచ్చితోలు వార్లు అల్లడం, గుర్రపు వెంట్రుకలతో పగ్గాలు పేనడం, వెండి బకిళ్ల మీద నగిషీ చెక్కడం నేర్పుతారు. వాటికి మన ఆడవాళ్లను సంఘం ఖర్చుతో పంపాలి.

మనకెందుకు ఈ పనులు అనేవారు ఉంటారు. డాలస్ ఉత్తరాన ఉండే మనలో చాలామంది రోజూ కారు నడిపే ప్రెస్టన్ రోడ్డు ఒకప్పుడు షానీ ట్రెయిల్. టెక్సస్ పశువుల మందలను ఉత్తరాన మిస్సోరీ దాకా నడిపించుకుపోయిన బాట అది. మన ఇళ్లు లేచిన నేల మొన్నమొన్నటి వరకూ పచ్చిక బయలే. ఆ పశువుల్లో మన వాటా కూడా ఉంది. ఎండకు తట్టుకునే అమెరికన్ బ్రాహ్మన్ జాతిని ఇక్కడివాళ్లు రూపొందించినప్పుడు గిర్, గుజరాత్ జాతులతో పాటు మన ఒంగోలు రక్తాన్నీ కలిపారు. ఆ జాతి పెంపకందారుల సంఘం 1924లోనే ఏర్పడింది. ఇంత దగ్గర చుట్టరికం ఉన్న నేల గురించి మనకు తెలిసింది టోపీ, బూట్లు, ఫోటో. అంతే.

అందులోనూ ఆడవాళ్ల సంగతి మనకు అసలే తెలియదు. 1929లో ఒరెగాన్‌లోని పెండిల్టన్ రోడియోలో బానీ మెకారల్ గుర్రం మీద నుంచి పడి, ఆ గాయాలతో చనిపోయింది. ఆ తర్వాత పొగరు గుర్రాల స్వారీ పోటీల నుంచి ఆడవాళ్లను క్రమంగా తప్పించేశారు. మగవాళ్లు చనిపోయిన రోడియోలు మాత్రం ఆగలేదు. 1948లో టెక్సస్‌లోని శాన్ ఏంజెలోలో రాంచ్ మహిళలు సమావేశమై సొంత సంఘం పెట్టుకున్నారు. ఇప్పటి మహిళా ప్రొఫెషనల్ రోడియో సంఘం అదే. 1975లో హియర్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో మొదలైన కౌగర్ల్ మ్యూజియం ఇప్పుడు ఫోర్ట్ వర్త్‌లో ఉంది. మన పిల్లలను ఆ ఊరి పాత పశువుల సంత స్టాక్‌యార్డ్స్‌కు తీసుకెళ్లి ఎద్దుల ఊరేగింపు చూపించి వచ్చేస్తాం, మ్యూజియం గడప మాత్రం తొక్కం. 2022 వ్యవసాయ గణాంకాల ప్రకారం ఈ దేశపు రైతుల్లో 36 శాతం ఆడవాళ్లే.

ఈ శిబిరాల్లో ఏం జరుగుతుందో చెప్పాలి. సించ్ అల్లిక తీసుకుందాం. జీనును గుర్రం పొట్ట కింద నుంచి బిగించి కట్టే వెడల్పాటి పట్టీని సించ్ అంటారు. మేలైన సించ్‌ను మొహేర్ దారంతో చేస్తారు. అంగోరా మేకల బొచ్చు నుంచి తీసే ఈ దారానికి టెక్సస్‌లోని ఎడ్వర్డ్స్ పీఠభూమి పెట్టింది పేరు. చట్రం రెండు చివర్లా లోహపు కడియాలు బిగించి, వాటి మధ్య దారాలను నిలువుగా లాగి కడతారు. తర్వాత అడ్డదారాలను జతగా మెలివేస్తూ, నిలువు దారాల మధ్య నుంచి పోనిస్తూ నడుమ వజ్రాకారాలు తేలుస్తారు. గురువు చేతిలో పెడితే ఆమె ముందు అందం చూడదు. అరచేత్తో లోపలి వైపు తడుముతుంది. ఎక్కడైనా దారం వదులైతే, ముడి ఎత్తుగా ఉంటే, అక్కడ గుర్రం చర్మం ఒరుసుకుపోయి పుండు పడుతుంది. విప్పి మళ్లీ అల్లమంటుంది. మన ముగ్గుల పోటీల్లో న్యాయనిర్ణేతలు ఎవరినీ నొప్పించకుండా అందరికీ బహుమతులు ఇస్తారు. ఇక్కడ గుర్రం నొప్పి ముందు మన నొప్పి లెక్కలోకి రాదు. నాకు ఈ పద్ధతి ఎంతో నచ్చింది.

తోలు చెక్కడం ఇంకా నిదానమైన పని. ముందు తోలును తడపాలి. తడి పైకి మెరుస్తున్నంతసేపు కత్తి పెట్టకూడదు. రంగు మళ్లీ లేతబడటం మొదలై, చెంపకు ఆనిస్తే చల్లగా తగిలినప్పుడు మొదలుపెట్టాలి. చూపుడువేలిని కత్తి తలమీది వంపులో ఆనించి, బొటనవేలు, మధ్యవేళ్ల మధ్య కాడను తిప్పుతూ పూరేకు అంచు గీయాలి. తోలు మందంలో సగం దాటితే బలం పోతుంది. గీత వెంట ఇనుప ముద్రను ఆనించి సుత్తితో తట్టుకుంటూ పోతే ఒక పక్క అణిగి, రేకు పైకి లేచినట్లు కనిపిస్తుంది. వయోమింగ్‌లోని షెరిడన్‌లో డాన్ కింగ్ అనే జీనుల తయారీదారు, చుట్టలు చుట్టుకున్న తీగల మధ్య అడవి గులాబీలను ఇలాగే ఒత్తుగా చెక్కేవాడు. ఆ శైలికి ఆ ఊరి పేరే స్థిరపడింది. 1991లో అమెరికా ప్రభుత్వ కళాసంస్థ ఆయనకు జాతీయ వారసత్వ కళాకారుల గౌరవం ఇచ్చింది. ఐడహోలో జీనులు చేసే నాన్సీ మార్టినీ, ఓక్లహోమాలోని గుత్రీలో బూట్లు కుట్టే లీసా సోరెల్ వంటి ఆడవాళ్లు ఈ రోజు ఆ విద్యల్లో ఆరితేరినవారు.

నేను తోలు పని నేర్చుకుంటున్నానని ఫోనులో చెబితే మా పిన్ని కాసేపు మాట్లాడలేదు. "ఇంత చదువు చదివి ఆ పని ఏమిటే? ఇక్కడ ఎవరితోనూ అనకు" అంది.

ఆమె ఒక్కతే అనుకునే మాట కాదది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం కూడా ఆ మాటే. మన ఊళ్లలో లంద అనే తొట్టిలో తోలు ఊరబెట్టింది, మోటకు తోలు తొండం కుట్టింది, కాడెద్దులకు వార్లు కోసింది, ఊరందరికీ చెప్పులు కుట్టింది, డప్పు మూసింది మాదిగలు. వాళ్ల పని లేనిదే బావిలో నీళ్లు పొలంలోకి పారలేదు. అలాంటి పని చేసేవారిని ఊరి చివర ఉంచి, వారి వృత్తి పేరును తిట్టుగా వాడుకున్నాం. ఇక్కడ అదే తోలు మీద సుత్తి పట్టినవారిని దేశం సత్కరిస్తే చప్పట్లు కొడతాం. ఈ తేడాకు కారణం కులం. వేరే పేరు పెట్టి దాన్ని సుతిమెత్తగా చెప్పడం నాకు ఇష్టం లేదు.

జీను తోలును చెట్ల బెరడు రసంతో పదును చేస్తారు. సెయింట్ లూయిస్‌లో హెర్మన్ ఓక్ అనే తోళ్ల కర్మాగారం 1881 నుంచి నడుస్తోంది. జీనుల తయారీదారులు ఏరికోరి తెప్పించుకునే తోలు అక్కడిదే. మన లందల్లో ఆ పని చేసింది తంగేడు బెరడు. బతుకమ్మను పేర్చేటప్పుడు ముందుగా వెతికే పువ్వు ఆ చెట్టుదే. పువ్వు గురించి పాటలు కట్టుకుని సముద్రాలు దాటించాం. అదే చెట్టు బెరడు నానిన లంద గురించి మన పిల్లలకు ఒక్క మాట కూడా చెప్పలేదు.

శిబిరాలు నిర్వహించేవారికీ ఒక మాట చెప్పాలి. ప్రచార పత్రాల్లో కనిపించే ముఖాలు చాలావరకు తెల్లవారివే. ఈ విద్యల్లో ఎన్నో వకేరోల నుంచి, అంటే గుర్రాల మీద తిరుగుతూ మందలు కాసే మెక్సికో పశువుల కాపరుల నుంచి వచ్చినవి. ఎనిమిది మంది ఆడవాళ్లు ఘేరు పావడాలతో, రెండు కాళ్లూ ఒకే పక్కకు వేసి కూర్చుని, గుర్రాలను దౌడు తీయిస్తూ ఒకరి మధ్య నుంచి ఒకరు దూసుకుపోయే ఎస్కరముసా కూడా వారిదే. అది భాగమైన చర్రెరియా అనే మెక్సికో గుర్రపు స్వారీ సంప్రదాయానికి 2016లో యునెస్కో గుర్తింపు వచ్చింది. గుర్రాలను రియో గ్రాండే నదిలోకి దింపి మాలిమి చేసిన జొహానా జులై, నల్లజాతి, సెమినోల్ ఆదివాసీ మూలాలు కలిసిన బ్లాక్ సెమినోల్ స్త్రీ. ఇలాంటి వారి కథలు పాఠంలో భాగం కావాలి. రుసుములూ అందరికీ అందుబాటులో లేవు. అందుకే సంఘం ముందుకు రావాలంటున్నాను.

నా ప్రతిపాదన ఇది. ఏటా ఇద్దరికి సంఘం రుసుము కట్టాలి. ఎంపికలో పాటలు, వేషాలు చూడవద్దు. తిరిగి వచ్చాక మన హాలులో శనివారాలు కూర్చుని మరో పదిమందికి నేర్పడానికి సిద్ధపడేవారిని పంపాలి. మరుసటి ఏడాది మన గడ్డ మీది తోలు పనివారిని గురువులుగా ఇక్కడికి పిలవాలి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలును గాజులా పలచబరిచి బొమ్మలు కోసే కుటుంబాలు ఉన్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. వారితో పాటు డప్పు మూసే, చెప్పులు కుట్టే మాదిగ కళాకారులూ రావాలి. శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి పంపడం చాలదు. ఇక్కడి జీనుల గురువుకు రోజుకు ఎంత ఇస్తామో వారికీ అంతే ఇవ్వాలి. వీసా కాగితాలకు సమయం పడుతుంది కనుక, వచ్చే కార్యవర్గ సమావేశంలోనే దీన్ని తీర్మానంగా పెట్టాలి. నా ఒక్క సంతకంతో అది చర్చకు రాదు, మీ సంతకాలూ కావాలి.