కొసరుగా వచ్చినవాడు

రైతు బజారులో రెండు కిలోల వంకాయలు తీసుకుంటే ఆఖర్లో ఇంత కరివేపాకు సంచిలో పడేస్తారు చూడండి, 2021లో జారెడ్ గాఫ్ డెట్రాయిట్‌కి అలా వచ్చాడు. పన్నెండు సీజన్లు ఆడిన క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించే మాథ్యూ స్టాఫర్డ్‌ని మన డెట్రాయిట్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు లయన్స్ వాళ్లు లాస్ ఏంజిలస్ రామ్స్‌కి ఇచ్చేశారు. బదులుగా డ్రాఫ్ట్‌లో, అంటే ఏటా కొత్త కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, ఒక థర్డ్ రౌండ్ పిక్ పుచ్చుకున్నారు. అసలు బేరం అదీ. రామ్స్ క్వార్టర్‌బ్యాక్ గాఫ్ కొసరు.

ఆ కొసరు కూడా తేలిగ్గా మోసేది కాదు. 2019లో రామ్స్ అతనికి నాలుగేళ్లకు 134 మిలియన్ డాలర్ల కాంట్రాక్టు రాసిచ్చి, రెండేళ్లు తిరక్కుండానే ఎలా వదిలించుకోవాలా అని చూస్తున్నారు. ఆ బరువు ఎత్తుకున్నందుకే లయన్స్‌కి రెండో ఫస్ట్ రౌండ్ పిక్ దక్కిందని అప్పట్లో అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఏడాది ఓపిక పడితే మంచి కుర్రాడు డ్రాఫ్ట్‌లో దొరుకుతాడు, అప్పటిదాకా వీడితో నెట్టుకొద్దాం అని మా వాట్సాప్ గ్రూపులో రాసింది కూడా నేనే. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ ఇప్పటికీ ఒకాయన దగ్గర భద్రంగా ఉంది.

ఆఫ్‌సీజన్ వచ్చిందంటే ఆ గ్రూపులో ఒకటే పాట. కోచ్‌ని తీసెయ్యాలి, మేనేజర్‌ని తీసెయ్యాలి, మొత్తం ఊడ్చేసి మొదటి నుంచి కట్టాలి. నేను ఒప్పుకోను. ఓడిపోతున్న జట్టుని బాగుచేసే పనిలో కొత్తగా ఎవర్ని తెచ్చారన్నదానికంటే, ఉన్నవాళ్లలో ఎవర్ని ఉండనిచ్చారన్నదే పెద్ద విషయమని నా అభిప్రాయం. ఈ ఊళ్లో ఉండి లయన్స్‌ని ఇన్నేళ్లు చూశాక ఏర్పడిన అభిప్రాయం ఇది.

మిషిగన్‌కి కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. లయన్స్ చివరిసారి చాంపియన్లయింది 1957లో. ఆ తర్వాత 2023 సీజన్ దాకా గెలిచిన ప్లేఆఫ్ మ్యాచ్ ఒకే ఒక్కటి, 1992 జనవరిలో డాలస్ మీద. 2008లో పదహారు ఆడి పదహారూ ఓడారు. నేను డెట్రాయిట్ పక్కనున్న నోవైకి వచ్చింది సరిగ్గా ఆ ఏడాదే. ఒకపక్క కార్ల కంపెనీలు దివాలా అంచున, ఇంకోపక్క లయన్స్. ఆఫీసులో పక్క సీటు ఖాళీ అయితే ఎందుకని అడగడానికి కూడా భయపడే శీతాకాలం అది. థాంక్స్‌గివింగ్ రోజు లయన్స్ ఆడటం 1934లో మొదలైన ఆనవాయితీ. మా ఇంట్లో టర్కీ బదులు కోడి పలావు ఉండేది గానీ, ఓటమి మాత్రం ఊరందరితో పాటే.

2020లో థాంక్స్‌గివింగ్‌కి హ్యూస్టన్ చేతిలో ఓడిన రెండు రోజులకి కోచ్ మాట్ పట్రిషియానీ, జనరల్ మేనేజర్ బాబ్ క్విన్‌నీ పంపించేశారు. ఆ జూన్‌లోనే తల్లి నుంచి జట్టు పగ్గాలు అందుకున్న షీలా ఫోర్డ్ హాంప్, జనవరిలో బ్రాడ్ హోమ్స్‌ని మేనేజర్‌గా, డాన్ క్యాంప్‌బెల్‌ని కోచ్‌గా తీసుకున్నారు. క్యాంప్‌బెల్ మొదటి ప్రెస్‌మీట్‌లోనే, మమ్మల్ని కిందపడేస్తే లేచేటప్పుడు మోకాలిచిప్ప కొరికి మరీ లేస్తాం అన్నాడు. దేశమంతా నవ్వింది. "వీడు కోచా, వీధి రౌడీయా?" అన్నారు మా బావగారు. ఆ 2008 జట్టులో క్యాంప్‌బెల్ కూడా ఒకడని ఆయనకి అప్పుడు తెలియదు. గాయం వల్ల ఎక్కువ ఆడలేదు గానీ, ఆ లాకర్ రూమ్ ఎలా ఉండేదో చూసిన మనిషి.

ఇక లెక్కల సంగతి. ఈ లీగ్‌లో డబ్బున్నవాడు అందర్నీ కొనేసుకోవడం కుదరదు. ఒక్కో జట్టు జీతాల మొత్తానికి పైకప్పు ఉంటుంది. 2020లో అది 198.2 మిలియన్ డాలర్లు. కోవిడ్ దెబ్బకి 2021లో 182.5కి తగ్గింది. పైగా ఆటగాడి చేతిలో ముందే పెట్టిన బోనస్‌ని కాంట్రాక్టు సంవత్సరాల మీద పరిచి రాస్తారు. మధ్యలో అతన్ని పంపించేస్తే, ఇంకా లెక్కలోకి రాని ముక్కలన్నీ వచ్చి జట్టు నెత్తిన పడతాయి. కారు అమ్మేశాక కూడా ఈఎంఐ కడుతూ కూర్చోవడమే. దీన్ని డెడ్ మనీ అంటారు. స్టాఫర్డ్‌ని పంపినందుకు లయన్స్ కూడా ఆ భారం మోశారు. అందర్నీ తీసెయ్యమనే మా గ్రూపు మేధావులు ఈ లెక్క చూడరు.

కూల్చాల్సింది కూల్చారు, కాదనను. స్టాఫర్డ్ వెళ్లాడు. బంతి పట్టుకునే రిసీవర్ కెన్నీ గాలడే అడిగిన ధర ఇవ్వకుండా వదిలేశారు. న్యూయార్క్ జెయింట్స్ నాలుగేళ్లకు 72 మిలియన్లకు అతన్ని ఎత్తుకుపోతే, మనవాళ్లకి చేతకాలేదని ఇక్కడ తిట్టుకున్నాం. రెండు సీజన్లలో జెయింట్స్‌కి అతను చేసిన టచ్‌డౌన్, అంటే బంతిని అవతలి గీత దాటించి పాయింట్లు తేవడం, ఒక్కటి.

ఎవరూ మాట్లాడుకోనిది ఉంచుకున్నవాళ్ల గురించి. బంతి కదలకముందు ముందువరసలో వంగి నిలబడే ఐదుగురు లావుపాటి మనుషుల్ని ఎప్పుడైనా గమనించారా? వాళ్ల పేర్లతో చొక్కాలు కొనేవాళ్లు తక్కువ. ఏదైనా తప్పు జరిగితేనే టీవీలో వాళ్ల పేరు వినబడుతుంది. వాళ్ల పనల్లా వెనక ఉన్న క్వార్టర్‌బ్యాక్ మీదికి అవతలివాళ్లు రాకుండా ఓ రెండున్నర, మూడు సెకన్లు గోడలా నిలబడటం. ఆ గోడలో టేలర్ డెకర్‌ని 2016లో, ఫ్రాంక్ రాగ్నోని 2018లో డ్రాఫ్ట్ చేసింది, మెడపట్టి గెంటించుకున్న ఆ బాబ్ క్విన్నే. కొత్త మేనేజర్ వాళ్లని అమ్ముకుని ఇంకో రెండు పిక్‌లు తెచ్చుకోవచ్చు, రీబిల్డ్ అని పేరు పెడితే అడిగేవాడు లేడు. హోమ్స్ 2021 మే నెలలో రాగ్నోకి కొత్త కాంట్రాక్టు ఇచ్చి, అప్పటికి లీగ్‌లో అందరికంటే ఎక్కువ జీతం తీసుకునే సెంటర్‌ని, అంటే ఆ గోడకి నడుమ నిలబడేవాణ్ని, చేశాడు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో ఏడో పిక్ దగ్గర పేరున్న క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ ఫీల్డ్స్ ఇంకా మిగిలే ఉన్నా, అదే గోడకి ఇంకో రాయి తెచ్చాడు, పెనే స్యూవెల్ రూపంలో.

ఇక్కడే గాఫ్ విషయం ముడిపడుతుంది. అతను పరిగెత్తి తప్పించుకునే రకం కాదు. నిలబడి, చూసి, విసిరే రకం. గోడ ఉంటే అందరిలో ఒక మంచి ఆటగాడు, గోడ కూలితే తడబడి బంతి పోగొట్టుకునేవాడు. రామ్స్ అతన్ని మార్చాలనుకున్నారు. లయన్స్ అతని చుట్టూ ఉన్నదాన్ని మార్చారు.

ఇంకో పాత సరుకు బెన్ జాన్సన్. 2019లో పట్రిషియా కాలంలో కోచింగ్ బృందంలో కింది ఉద్యోగంలో చేరినవాడు. కొత్త కోచ్ వస్తే పాత కోచ్ మనుషులందరూ పెట్టె సర్దుకోవడం ఇక్కడి రివాజు. క్యాంప్‌బెల్ అతన్ని ఉంచాడు, 2022లో దాడి విభాగం మొత్తం చేతిలో పెట్టాడు. ఆ తర్వాత మూడేళ్లు లీగ్‌లో అందరూ కాపీ కొట్టిన ఆటంతా అతని పుస్తకంలోదే. చివరికి 2025 జనవరిలో షికాగో బేర్స్ హెడ్ కోచ్‌గా ఎగరేసుకుపోయారు, అది వేరే బాధ.

మన అసోసియేషన్ల సంగతి కూడా కొంచెం ఇలాంటిదే. కొత్త కమిటీ రాగానే పాత కమిటీ వాడిన హాలు, కేటరర్, మైకులాయన, ఆఖరికి ఉగాది పచ్చడి కలిపే ఆవిడ కూడా మారిపోవాలి. ఈ వాక్యం ఎడిటర్‌గారు ఉంచుతారో కొట్టేస్తారో చూడాలి.

2021 సీజన్ ఘోరం. మొదటి గెలుపు డిసెంబర్ 5న వచ్చింది. మిన్నెసోటా మీద ఆఖరి బంతికి, గాఫ్ విసిరితే అమోన్‌రా సెయింట్ బ్రౌన్ పట్టుకున్నాడు. నాలుగో రౌండ్‌లో, 112వ పిక్‌గా వచ్చిన కుర్రాడు. తనకంటే ముందు ఎంపికైన పదహారు మంది రిసీవర్ల పేర్లూ వరసగా అప్పజెప్తాడు. మొత్తానికి ఆ ఏడాది 3 గెలుపులు, 13 ఓటములు, ఒక టై.

ఫిబ్రవరిలో సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్. ఆడేది ఎవరు? మన స్టాఫర్డ్, రామ్స్ చొక్కాలో. మా బేస్‌మెంట్లో పాతిక మంది, రెండు ట్రేల మిరపకాయ బజ్జీలు. బావగారు తన లయన్స్ నీలం రంగు జెర్సీ, వెనక 9, స్టాఫర్డ్ పేరు, అది వేసుకుని వచ్చారు. రామ్స్ గెలిచారు. కాగితం ముక్కలు రాలుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు, మా ఇంటి కుర్రాడు పైకొచ్చినట్టే సంతోషం. కాసేపటికి ఎవరో అన్నారు, "అంటే లోపం వాడిలో లేదన్నమాట, మన దగ్గరుందన్నమాట." బజ్జీల ట్రే ఖాళీ అయ్యేదాకా ఎవరూ మాట్లాడలేదు.

నా దృష్టిలో అసలు పరీక్ష ఆ తర్వాతి అక్టోబర్లో వచ్చింది. మళ్లీ 1-5, అంటే ఒక గెలుపు, ఐదు ఓటములు. ఊరంతా తలలు కావాలంటోంది. జట్టు యజమాని హాంప్ స్వయంగా అలెన్ పార్క్‌లో ప్రాక్టీస్ దగ్గరికి వచ్చి విలేకరుల ముందు నిలబడ్డారు. అభిమానుల కోపం అర్థమవుతోందని, అయినా హోమ్స్, క్యాంప్‌బెల్ మీద నమ్మకం ఉందని చెప్పారు. ఆ ఆదివారం కూడా ఓడారు, 1-6. తర్వాత పది మ్యాచ్‌ల్లో ఎనిమిది గెలిచారు. ఆఖరి మ్యాచ్ గ్రీన్ బేలో. మొదలవ్వకముందే సియాటిల్ గెలవడంతో ప్లేఆఫ్ ఆశ పోయింది. అయినా వెళ్లి ప్యాకర్స్‌ని 20-16తో ఓడించి, వాళ్లనీ తమతో పాటు ఇంటికి పంపారు. ఆ రాత్రి నేను గాఫ్ గురించి రాసిన పాత మెసేజ్ గ్రూపులో మళ్లీ తేలింది.

అయినా 2023 డ్రాఫ్ట్‌కి ముందు నాకు బుద్ధి రాలేదు. ఓడినవాళ్లకే డ్రాఫ్ట్‌లో ముందు వంతు. స్టాఫర్డ్ గాయపడి రామ్స్ కుదేలవడంతో, ఆ బేరంలో మనకి దక్కిన వాళ్ల పిక్ ఆరో స్థానంలో వచ్చింది. క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకోడానికి ఇంతకంటే అదను ఉండదన్నాం. హోమ్స్ దాన్ని ఆరిజోనాకి ఇచ్చి వెనక్కి జరిగాడు. అలా వచ్చిన 12వ పిక్‌తో బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ జామీర్ గిబ్స్‌నీ, 34తో శామ్ లపోర్టానీ తీసుకున్నాడు. పండితులు తిట్టారు. ఇద్దరూ మొదటి ఏడాదే పరిగెత్తించారు.

ఇదంతా చదివి, పాతవాళ్లందర్నీ ఉంచమంటున్నాడు అనుకోకండి. 2020లో మూడో పిక్‌గా వచ్చిన జెఫ్ ఒకూడాని ఒక ఐదో రౌండ్ పిక్‌కి పంపేశారు. ఇంకో పాత ఆటగాడు హాకెన్సన్‌ని పక్క జట్టు మిన్నెసోటాకే అమ్మారు. పోయినవాడు ఎవరు తెచ్చినవాడని పోలేదు, ఉన్నవాడు ఎవరు తెచ్చినవాడని ఉండలేదు. లయన్స్‌కి అదృష్టం కూడా కలిసొచ్చింది. రామ్స్ అంతలా పడిపోతారని ఎవరూ లెక్కేసుకోలేదు.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ కావాలంటే షార్లెట్‌లో ఉన్న మా పెదనాన్న కొడుకుని అడగండి. 2023లో కరోలినా పాంథర్స్ మొదటి పిక్ కోసం షికాగోకి పిక్‌లతో పాటు తమ మేటి రిసీవర్ డీజే మూర్‌ని కూడా ఇచ్చేశారు. కొత్త క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్ వచ్చి చూస్తే బంతి విసరడానికి మనిషి లేడు. కొత్త కోచ్ ఫ్రాంక్ రైక్‌ని పదకొండు మ్యాచ్‌లకే పంపించేశారు. 2-15. కోపంతో చేసిన రీబిల్డ్ అది. కొనే హడావుడిలో ఇంట్లో ఉన్నది ఏమిటో చూసుకోలేదు. డెట్రాయిట్ వాళ్లయితే మూర్‌ని ఇచ్చేవారు కాదని నా నమ్మకం.

2024 జనవరి 14, ఆదివారం రాత్రి. మా బేస్‌మెంట్ మళ్లీ నిండింది. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి తమ డివిజన్ (లీగ్‌లో నాలుగు జట్ల గుంపు) గెలిచిన లయన్స్, ఫోర్డ్ ఫీల్డ్‌లో ప్లేఆఫ్ మ్యాచ్, ఎదురుగా రామ్స్, స్టాఫర్డ్. ఒకరికోసం ఒకర్ని మార్చుకున్న ఇద్దరూ ఒకే మైదానంలో. బయట గడ్డకట్టే చలి. బావగారు కోటు విప్పితే లోపల అదే 9 నంబరు జెర్సీ. అందరూ గోల చేశారు. "చలికి మందంగా ఉంటుందని వేసుకున్నానయ్యా" అన్నారాయన.

24-23. గాఫ్ చివరి పాస్ సెయింట్ బ్రౌన్‌కి చేరాక గడియారం కరిగించడం తప్ప ఇంక పనేం లేదు. టీవీలో స్టేడియం మొత్తం "జారెడ్ గాఫ్, జారెడ్ గాఫ్" అని ఒక్క గొంతుతో అరుస్తోంది. ఇటు సోఫా మీద లేచి నిలబడి, వీపు మీద స్టాఫర్డ్ పేరు పెట్టుకుని, మా బావగారు కూడా అదే అరుస్తున్నారు. బజ్జీలు చల్లారిపోతున్నాయని మెట్ల దగ్గర నుంచి మా అక్క రెండుసార్లు పిలిచింది. ఆయనకి వినపడలేదు.