క్వీన్స్ పార్క్ రేంజర్స్ గెలుపు అదృష్టం కాదు
1967 ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ కప్ ఫైనల్లో మూడో డివిజన్ (మూడో అంచె) జట్టయిన క్వీన్స్ పార్క్ రేంజర్స్ విజయాన్ని, ఆ మ్యాచ్‌పై వచ్చిన వ్యాసంలో వ్యాసకర్త అదృష్టంగా తేల్చివేయడం సమంజసంగా తోచలేదు. మార్చి 4న వెంబ్లీలో, మొదటి డివిజన్‌కు చెందిన వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్‌పై విరామానికి 0–2తో వెనుకబడి (ఆ రెండు గోల్సూ చేసినవాడు రేంజర్స్ మాజీ ఆటగాడు క్లైవ్ క్లార్కే), రోజర్ మోర్గాన్, రాడ్నీ మార్ష్, మార్క్ లాజరస్ గోల్స్‌తో 3–2గా గెలిచిన మాట నిజమే. అయితే మేనేజర్ అలెక్ స్టాక్ నడిపించిన ఆ జట్టే అదే సీజన్‌లో లీగ్‌లో 103 గోల్స్ చేసి, గెలుపునకు రెండు పాయింట్లే దక్కే ఆ రోజుల్లో, రెండో స్థానంలోని మిడిల్స్‌బ్రో కంటే 12 పాయింట్లు ముందుండి డివిజన్ విజేతగా నిలిచింది. 46 మ్యాచ్‌ల పొడవునా అదృష్టమే ఆడుతుందా? మొదటి డివిజన్ జట్టు కాదన్న కారణంతో యూరప్ క్లబ్‌ల పోటీ అయిన ఫెయిర్స్ కప్‌లో వారికి చోటు ఇవ్వకపోవడాన్ని మాత్రం వ్యాసం ప్రస్తావించనే లేదు.