డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్‌లో పీహెచ్‌డీ దండగా?

గేట్ ఫలితాలు వచ్చాయంటే మా గుంటూరు, బెజవాడ ఇంజినీరింగ్ కాలేజీల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. "డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్‌లో పీహెచ్‌డీ దండగ. అసలు పనంతా కంపెనీలే చేశాయి, ప్రొఫెసర్లు పేపర్లు రాసుకుంటారు. తేలాల్సినవన్నీ తేలిపోయాయి. ఇప్పుడంతా ఏఐ. పైగా ఐదేళ్లు జీతం ఉండదు." ఇదీ దాని సారాంశం. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ అంటే, చాలా కంప్యూటర్లు నెట్‌వర్క్ మీద మాట్లాడుకుంటూ కలిసి ఒకే పని చేసే వ్యవస్థలు. పాఠం చెప్పుకునేవాణ్ణి కాబట్టి, నిజమేనా సార్ అని పిల్లలు నన్నే అడుగుతున్నారు.

కంపెనీలే చేశాయన్నది సగం నిజం. పెద్ద లెక్కలను వేల కంప్యూటర్లకు పంచి చేయించే మ్యాప్‌రెడ్యూస్ గూగుల్‌ది, డేటాను చాలా సర్వర్లలో భద్రపరిచే డైనమో అమెజాన్‌ది, కాదనను. ఈ రంగానికి పునాదులు వేసినవాళ్లలో ఒకరైన లెస్లీ లాంపోర్ట్ కూడా చాలాకాలం కంపెనీల ల్యాబుల్లోనే పనిచేశారు. కానీ 2007 నాటి ఆ డైనమో పేపరే తెరిచి చూడండి. అందులో ఏ డేటా ఏ సర్వర్‌కు వెళ్లాలో తేల్చే కన్సిస్టెంట్ హ్యాషింగ్ 1997లో ఎంఐటీ నుంచి వచ్చింది. పెద్ద డేటాను చాలా కంప్యూటర్ల మీద విశ్లేషించే స్పార్క్ బర్క్‌లీ యూనివర్సిటీలో పుట్టింది. ఇక మీ సీనియర్లు హైదరాబాద్‌లో తిట్టుకుంటూ వాడే కుబర్నెటీస్ (చాలా సర్వర్ల మీద ప్రోగ్రాములు నడిపించే సాఫ్ట్‌వేర్) ఉంది కదా, దాని వివరాలన్నీ భద్రపరిచే ఈటీసీడీ అనే డేటాబేస్ నడిచేది రాఫ్ట్ మీద, అంటే చాలా సర్వర్లు ఒకే మాట మీదకు వచ్చే పద్ధతి మీద. అది స్టాన్‌ఫర్డ్‌లో డియెగో ఒంగారో పీహెచ్‌డీ పని, గైడు జాన్ ఔస్టర్‌హౌట్. అదే పనికి అంతకుముందున్న పాక్సోస్ అనే పద్ధతి ఓ పట్టాన బుర్రకెక్కదు. అర్థం కావడమే ముఖ్యమని వీళ్లు పట్టుబట్టారు. 43 మంది విద్యార్థులకు రెండూ చెప్పి పరీక్ష పెడితే 33 మందికి రాఫ్ట్‌లోనే ఎక్కువ మార్కులొచ్చాయి. డెడ్‌లైన్ టెన్షన్‌లో ఉన్న ఏ మేనేజర్ ఇలాంటి పనికి టైమ్ ఇస్తాడు?

అన్నీ తేలిపోయాయా? అరండల్‌పేటలో టీ తాగి స్కాన్ చేస్తే ఖాతాలో డబ్బు కట్ అవుతుంది, కొట్టు మీది స్పీకర్ మాత్రం నోరు విప్పదు. "పడలేదండీ" అంటాడు కొట్టతను. అవతలి సర్వర్ ఆగిపోయిందా, జవాబు దారిలో ఉందా? ఇవతలి యంత్రానికి కచ్చితంగా తెలిసే మార్గం లేదు. సందేశాల ఆలస్యానికి హద్దు లేనప్పుడు, ఒక్క యంత్రం ఆగిపోయే అవకాశం ఉన్నా సరే, మిగతావి తప్పకుండా ఒక నిర్ణయానికొస్తాయని హామీ ఇచ్చే పద్ధతి, యాదృచ్ఛికత (నాణెం ఎగరేసి ఎంచుకోవడం లాంటిది) వాడకుండా, అసాధ్యమని 1985లో ఫిషర్, లించ్, పాటర్సన్ నిరూపించారు. ఇంతసేపు జవాబు రాకపోతే అవతలిది పోయిందనుకునే టైమౌట్లు పెట్టుకుని నెట్టుకొస్తున్నాం, అంతే.

ఏఐ అంటారా, పెద్ద మోడల్‌కు శిక్షణ ఇచ్చేది వేల జీపీయూల (ఏఐ లెక్కలు చేసే చిప్‌ల) మీద. మధ్యలో ఒకటి చస్తే మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలన్నది మా సబ్జెక్టే. నడుస్తున్న వ్యవస్థను ఆపకుండా దాని స్థితిని నమోదు చేసే పద్ధతిని లాంపోర్ట్‌తో కలిసి 1985లో ప్రచురించిన మణి చాందీ, ఐఐటీ మద్రాసులో చదివి అమెరికాలో ప్రొఫెసరైనవారు. ఆగకుండా వచ్చే డేటాను ప్రాసెస్ చేసే అపాచీ ఫ్లింక్ ఇప్పటికీ దాని రూపాంతరాన్నే వాడుతోంది.

జీతం ఉండదన్నది మాత్రం పచ్చి అబద్ధం. ఐఐటీల్లో ఫెలోషిప్ 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ముందు ఇది తక్కువే. ఇంట్లో అప్పులున్న పిల్లలకైతే ముందు ఉద్యోగంలో చేరమనే చెబుతాను. చేరేవాళ్లు అసలు కనుక్కోవాల్సింది, ఆ గైడు దగ్గర ఇంతకుముందు చేరినవాళ్లు ఎన్నేళ్లకు బయటపడ్డారని. మెసేజ్ రాసినాయనకు ఆ ఊసే లేదు.