మనోనేత్రం ఉండగా బ్రెయిలీ దేనికి?

తిరుపతిలో చూపులేని కళాకారుడిని సన్మానించే పద్ధతి ఒకటి స్థిరపడిపోయింది. పాడించాలి, శాలువా కప్పాలి, ఆపైన వక్త గొంతు సవరించుకుని "వీరికి మనోనేత్రం ఉంది" అనాలి. ఈ మాటకు నేను గట్టి మద్దతుదారును. ఇంతకు మించిన పొదుపు పథకం ఏ ప్రభుత్వమూ పెట్టలేదు. మనోనేత్రం ఉన్నవారికి మెట్ల పక్కన కమ్మీ అక్కర్లేదు, బొమ్మ కింద బ్రెయిలీ చీటీ అక్కర్లేదు, వేదిక మీద నాట్యం ఎలా సాగుతోందో చెవిలో చెప్పే మనిషీ అక్కర్లేదు.

పాడించడం మాత్రం తప్పనిసరి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు మందచూపుతోనే వాయులీనంలో శిఖరం ఎక్కారు కనుక, సంగీత శాఖను చూపులేనివారికి రాసిచ్చేశాం. వేరే శాఖల్లోకి వస్తేనే చిక్కు. శాంతినికేతన్ చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ గారికి 1956లో కంటి ఆపరేషన్ వికటించి, ఉన్న కాస్త చూపూ పోయింది. న్యాయంగా ఆయన ఒక హార్మోనియం కొనుక్కోవాలి. అది మాని కాగితాలు కత్తిరించి అతికించారు, మైనంతో బొమ్మలు చేశారు, 1972లో శాంతినికేతన్ కళాశాల అయిన కళాభవన్ గోడకు పింగాణీ పలకలతో కుడ్యచిత్రమే కూర్చారు. ఇలాంటి క్రమశిక్షణారాహిత్యం మన జిల్లాకు పాకకూడదు.

పాకే ప్రమాదం ఉంది, పక్కనే శ్రీకాళహస్తి. అక్కడ కలంకారీ గుడ్డను కరక్కాయ, పాలు కలిపి తడుపుతారు. ఇనుము, బెల్లం పులియబెట్టి నల్లరంగు తీస్తారు. ఆ గుడ్డను వేళ్ళతో నలిపి, వాసన చూసి బేరమాడవచ్చు. కానీ అది మన హోదాకు తగదు. మనం ఫోనులో ఫోటో చూసి, యంత్రం అచ్చు కొట్టిన గుడ్డ తెప్పించుకుని మురుస్తాం.

కన్నప్ప కథ జరిగిందీ ఆ ఊళ్ళోనే అంటారు. ఒక కన్ను శివుడికి ఇచ్చేశాక, రెండోదీ పెకలిస్తే పెట్టవలసిన చోటు కనబడదని, ముందే అక్కడ కాలు ఆనించి గురుతు పెట్టుకున్నాడు. భక్తి సంగతి పెద్దలు చెబుతారు. నాకైతే అందులో ఒక పనివాడి ముందుచూపు కనిపిస్తుంది. చూపు పోయాక పని ఆగదు, స్పర్శకు మారుతుందని ఆ బోయవాడికి తెలుసు. శివుడు కాలు తీయమని కసరలేదు. అదే మ్యూజియంలో అయితే 'తాకరాదు' బోర్డు చూపించి కాపలాదారు బయటికి నడిపించేవాడు.

చూపున్న మన ఘనత మాత్రం తక్కువా? కొండమీద గంటల తరబడి క్యూలో నిలబడి, తీరా స్వామి ఎదుటికి రాగానే కళ్ళు మూసుకుంటాం. తెరిచేసరికి "జరగండి, జరగండి".

చేతులు తగిలితే శిల్పం అరుగుతుందంటారు, నిజమే. అందుకే ఢిల్లీ జాతీయ మ్యూజియం 2015లో తాకి చూసేందుకు నమూనాలతో ప్రత్యేకంగా ఒక గ్యాలరీ తెరిచింది. మనకు అంత దూరం పోనవసరం లేదు, ఏర్పేడు దగ్గర మాధవమాలలో కొయ్యశిల్పులు ఉన్నారు; అడిగితే చెక్కి ఇస్తారు. చెక్కించాక, చేతులు పడి పాడవుతాయని వాటిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయగల సమర్థులు కూడా మన ఊళ్ళోనే ఉన్నారు.