నీళ్ల దగ్గర డ్యూటీ ఎవరిది?

సెలవులకు సరదాగా వెళ్లిన కుటుంబం, నీళ్లలో పోయిన పిల్లవాడు. ఏటా చదువుతున్న వార్తే. ఇలాంటి చాలా వార్తల్లో ఒక వాక్యం కనిపిస్తుంది: ఆ సమయంలో కుటుంబ సభ్యులంతా అక్కడే ఉన్నారు. అందరూ ఉండి కూడా ఇలా జరిగిందే అని బాధపడి పేజీ తిప్పేస్తాం. అందరూ ఉండటం వల్లే అలా జరిగిందని నేనంటాను.

ఒక్క మనిషే ఉంటే చూపు తిప్పడానికి భయపడతాడు. పదిమంది పెద్దవాళ్లు గట్టున కూర్చుంటే ఆ భయం పదిమందికీ పోతుంది. వాళ్ల నాన్న చూస్తున్నాడులే అని పిన్ని అనుకుంటుంది. పిన్ని పక్కనే ఉందిగా అని నాన్న ఫోన్ తీస్తాడు. ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. కానీ ఆ నిమిషంలో నీళ్లవైపు ఒక్క కన్ను కూడా లేదు.

ఏదైనా అయితే అరుస్తాడు కదా అన్న ధైర్యం ఒకటి మనల్ని ముంచుతోంది. సినిమాల్లో మునిగేవాళ్లు చేతులు ఊపుతారు, కేకలు వేస్తారు. నిజంగా మునిగే పిల్లవాడు సాధారణంగా ఆ రెండూ చేయలేడు. అమెరికా లైఫ్‌గార్డ్ ఫ్రాంక్ పియా 1970లలోనే దీన్ని గమనించి వివరించాడు. తల వెనక్కి వాలుతుంది. నోరు నీటి మట్టం దగ్గరే ఉండి మునుగుతూ తేలుతూ ఉంటుంది. పైకి వచ్చిన ఆ క్షణం ఊపిరికే చాలదు, ఇక కేకకు గాలి ఎక్కడిది? చేతులు పైకి లేవవు, పక్కలకు చాపి నీటిని కిందికి నొక్కుతూ ఉంటాయి. దూరం నుంచి చూస్తే నిలబడి ఆడుకుంటున్నట్టే ఉంటుంది. ఇదంతా 20 నుంచి 60 సెకన్ల వ్యవహారం. ఒక మెసేజ్ చదివి జవాబు పెట్టేంత సేపు. అల్లరి చేసే పిల్లవాడు ఉన్నట్టుండి నిశ్శబ్దమైతే, పరుగెత్తాల్సింది అప్పుడే.

2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ల లోపు పిల్లలు. వీళ్లకు లోతైన నీళ్లు కూడా అక్కర్లేదు, బోర్లా పడితే అంగుళం రెండంగుళాలు చాలు.

అందుకే నీళ్లున్న చోటికి వెళ్తే ఒక మనిషికి పేరు పెట్టి డ్యూటీ వేయాలి. 'ఇప్పుడు నేను చూస్తున్నాను' అని పైకి అనాలి. పావుగంటకో ఇరవై నిమిషాలకో 'ఇక నువ్వు చూడు' అని అప్పగించాలి. అవతలివాళ్లు 'సరే' అన్నాకే కదలాలి. ఆ కాసేపూ ఫోన్ సంచిలోనే ఉండాలి. ఈత రాని పిల్లలైతే గట్టు మీద నుంచి చూడటం సరిపోదు, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉండాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఎప్పటినుంచో చెబుతోంది. చేతులకు తొడిగే గాలి బ్యాండ్లు ఆటవస్తువులే, రక్షణ కాదు. లైఫ్‌గార్డ్ ఉన్నాడని ఊరుకోవడం కూడా తప్పే, అతను పూల్ మొత్తాన్ని చూడాలి, మీ పాపను ఒక్కదాన్నే కాదు.

ఎండ విషయానికొస్తే టోపీ, నీడ, మంచినీళ్ల సంగతి అందరికీ తెలుసు. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఎండ తగలకూడదని స్ట్రోలర్ (పసిపిల్లల తోపుడుబండి) మీద గుడ్డ కప్పేస్తుంటారు. లోపల గాలి ఆడక వేడి ఇంకా పెరుగుతుంది.

నీళ్ల దగ్గర చూపు తిప్పేసే మనమే చెట్టు దగ్గర, జారుడుబల్ల దగ్గర నోరు మూయం. పరిగెత్తకు, ఎక్కకు, దూకకు, పడతావ్! రెండో కొమ్మ మీద కాలు పెట్టిన పిల్లవాడు ఈ కేక వినగానే తల తిప్పుతాడు. పట్టు తప్పేది సరిగ్గా అక్కడే. పైగా రోజంతా 'జాగ్రత్త' వింటే ఆ మాటకు విలువ పోతుంది. నిజంగా బండి ఎదురొచ్చినప్పుడు 'ఆగు' అన్నా ఆగడు.

జారుడుబల్ల సంగతే చూడండి. ఒంటరిగా జారితే భయమని బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని జారతాం. బిడ్డ బూటు అడుగు బల్ల అంచుకు పట్టుకుంటుంది. బిడ్డ ఒక్కడే అయితే అక్కడే ఆగిపోయేవాడు. వెనక పెద్దమనిషి బరువు ఉంది కాబట్టి ఒళ్లు ముందుకు సాగుతుంది, కాలు మెలిపడి మోకాలి కింది ఎముక విరుగుతుంది. ప్రేమతో చేసిన పనే గాయమైంది. ఎక్కగలిగినవాణ్ణి ఒంటరిగా జారనివ్వాలి, ఎక్కలేనివాడికి ఇంకా చిన్న బల్ల చూడాలి.

నార్వే పరిశోధకురాలు ఎలెన్ సాండ్‌సెటర్ 2007లోనే, కాస్త రిస్క్ ఉండే ఈ రకం ఆటల్ని వర్గీకరించింది. ఎత్తులెక్కడం, వేగం, కుస్తీ పట్టడం, పెద్దల కంటికి దూరంగా తిరగడం వాటిలో ఉన్నాయి. కెనడా పిల్లల వైద్యుల సంఘం 2024లో ఒక అడుగు ముందుకేసి ఇలాంటి ఆటలు పిల్లలకు అవసరమని ప్రకటించింది. వాళ్లు గీసిన గీత నాకు చాలా నచ్చింది. పిల్లవాడు తన కంటితో చూసి, ఎక్కాలా వద్దా అని తేల్చుకోగలిగేది ఒకటి. విరగబోతున్న కొమ్మలా, నీటి అడుగున లాగే ప్రవాహంలా వాడికి కనపడనిది రెండోది. రెండోదాన్ని తొలగించడం పెద్దల పని. మొదటిది వాడి సంతోషం, దాన్ని వాడికే వదిలేయాలి.

డ్యూటీలు వేసుకుని వెళ్తే అది విహారమా, ఆఫీసా అంటారు కొందరు. మా చిన్నప్పుడు ఇవేమీ లేవు, మేం బాగానే ఉన్నాం అంటారు. ఆ మాట చెప్పగలిగేది బాగున్నవాళ్లే, పోయినవాళ్లు వచ్చి చెప్పరు. ఇక విహారం అంటారా, డ్యూటీ లేనప్పుడే ఎవరికీ విశ్రాంతి ఉండదు. మనసులో ఓ మూల టెన్షన్ ఉంటూనే ఉంటుంది. ఒకరు నిజంగా చూస్తుంటే మిగతావాళ్లు హాయిగా కళ్లు మూసుకోవచ్చు.

నిజానికి డ్యూటీ ఇప్పుడూ ఉంది. ఎవరూ పైకి అనకుండా అమ్మ మీద పడి ఉంది. తువ్వాలు ఎక్కడ, చెప్పులు ఎక్కడ, చిన్నదానికి ఆకలేస్తోంది, అన్నీ ఆమెనే అడుగుతారు. నేనూ హెల్ప్ చేస్తానుగా అని భర్త అంటాడు. తనది కాని పనికే ఎవరైనా సాయం చేస్తానంటారు. ఇది న్యాయం గురించిన గొడవ మాత్రమే కాదు, నేరుగా పిల్లల ప్రాణాలకు సంబంధించినది. చిన్నదానికి బట్టలు మార్చడానికి అమ్మ పక్కకు వెళ్లిన ఆ ఐదు నిమిషాలు పెద్దవాడిని చూసేవాళ్లు ఎవరూ ఉండరు. ఆమె ఎవరికీ అప్పగించలేదు, ఎందుకంటే ఆ పని తనదని ఎవరూ ఆమెకు చెప్పనూ లేదు. పేరు లేని పనిని అప్పగించడం ఎలా?

కాబట్టి బయల్దేరే ముందు, సామాను సర్దుతున్నప్పుడే, ఎవరెవరు ఎప్పుడు చూడాలో మాట్లాడుకోవాలి. మొదటి వంతు నాన్న తీసుకోవాలి. చేరగానే పెద్దలు బండిలోంచి సంచులు దించే హడావుడిలో ఉంటారు, పిల్లలు చెప్పులు విడిచి నేరుగా నీళ్లవైపే పరిగెడతారు. సంచులు ఎవరైనా దించుకోవచ్చు, కాసేపు అక్కడే ఉన్నా నష్టం లేదు. నాన్న పిల్లల వెనకాలే వెళ్లాలి.